షావుకారు జానకి సినిమాలు మూడు ఐతారాలు వేయాలంటే ఏవి వేయాలి?

హనుమకొండలో మీ కాలనీ కమ్యూనిటీ హాల్లో మూడు ఐతారాలు జానకి గారి సినిమాలు వేద్దామనుకుంటున్నామని, మొదటి సినిమాతోనే మొదలుపెట్టాలా అని అడిగారు. వద్దండీ. 1950 నాటి సినిమాతో మొదలుపెడితే రెండో వారానికి సగం కుర్చీలు ఖాళీ. ముందు ‘తాయారమ్మ బంగారయ్య’ (1979) వేయండి. పేరులో ఉన్న జంట ఆమే, కైకాల సత్యనారాయణే. చిరంజీవి చిన్న వేషంలో కనిపిస్తారని నోటీసులో రాస్తే పిల్లగాండ్లు కూడా వస్తరు.

రెండో వారం ‘షావుకారు’. విజయా వారి మొదటి సినిమా, దర్శకుడు ఎల్.వి.ప్రసాద్, హీరో ఎన్టీఆర్. ఆమె ఇంటిపేరులా మారింది ఈ సినిమా పేరే. అప్పటికే పెళ్లయి, చంటిబిడ్డ తల్లి. అంతకుముందు మద్రాసు రేడియోలో పనిచేశారు, ఆ తర్ఫీదు సుబ్బులు పాత్రలో వినిపిస్తది: గొంతు పెంచకుండానే కోపం, బాధ రెండూ పలికిస్తారు. నా లెక్కలో ఆమె డెబ్బై ఏళ్లకు పైగా నిలబడ్డది అందం మీద కాదు, ఆ గొంతు మీద.

మూడోదానికి 1955లో వచ్చినవి రెండున్నయి. ‘కన్యాశుల్కం’లో ఆమె బుచ్చమ్మ. వేషం మంచిదే గాని ఆ సినిమాకు మాటలే ప్రాణం, విజయనగరం యాస, రేకుల హాల్లో ప్రతిధ్వనికి సగం పోతయి. అందుకే ‘రోజులు మారాయి’. భూమి గొడవ మన దగ్గర ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేదు. ‘ఏరువాక సాగారో’ పాటకు ఆడింది మాత్రం వహీదా రెహమాన్, ముందే చెప్పండి, లేకపోతే హాల్లో వాదన మొదలైతది.

వెతికేటప్పుడు ‘కలెక్టర్ జానకి’ (1972) చూసి మోసపోవద్దు. అందులో కలెక్టర్ జమున. కథ మాత్రం బాలచందర్ తమిళ ‘ఇరు కోడుగళ్’ (1969)ది, అక్కడ కలెక్టర్ వేషం వేసింది మన జానకి గారే! గాయని ఎస్.జానకి వేరు. నటి కృష్ణకుమారి మన షావుకారు జానకి గారి చెల్లెలు.

పాత సినిమా ఫ్రేము నాలుగుకు మూడు. ప్రొజెక్టర్ ‘ఫుల్’లో ఉంటే మొహాలన్నీ వెడల్పయితయి. సెట్టింగుల్లో ‘యాస్పెక్ట్’ను 4:3కి మార్చండి, పక్కల నల్లటి పట్టీలు రావాల్సిందే. వాటిని చూసి ఎవరో ఒకరు జూమ్ చేస్తరు, అప్పుడు తలలు తెగుతయి. సౌండు మోనో, అంటే అంతా ఒకే ట్రాక్, కాబట్టి హాలు నిండా స్పీకర్లు అక్కరలేదు. తెర పక్కన రెండు, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో పెట్టి, బేస్ బాగా తగ్గించండి. బేస్ ఎక్కువుంటే మాట బురదలో పడ్డట్టే. యూట్యూబ్‌లో ఉన్నంత మాత్రాన పదిమందికి వేసే హక్కు రాదు, హక్కుదారులను ముందే అడగండి.

నాలుగో ఐతారం దొరికితే ‘అన్నీ మంచి శకునములే’ (2023) వేయండి. అంతకుముందు ఏడాదే ఆమెకు పద్మశ్రీ వచ్చింది.