34 ఏళ్ల వయసులో ఫార్మసీ చదువు: ఫీజు కట్టగలరు, జీతం వదులుకోగలరా?

ప్రశ్న: నా వయసు 34. పదకొండేళ్లుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. ఉద్యోగం మానేసి నాలుగేళ్ల ఫార్మసీ డిగ్రీ చేద్దామనుకుంటున్నాను. మొత్తం ఫీజు నా 16 నెలల జీతమంత. సేవింగ్స్ 20 నెలల జీతమంత ఉన్నాయి. చదువయ్యాక ఇప్పటికంటే పాతిక శాతం ఎక్కువ వస్తుందంటున్నారు. మా ఆయనకు ఉద్యోగం ఉంది, పాపకు ఎనిమిదేళ్లు, ఇంటి లోన్ నడుస్తోంది. రెండేళ్లు అమ్మ మందులు నేనే చూసుకున్నాను, అప్పటి నుంచి ఈ పని మీద మనసు పడింది. దిగమంటారా?

జవాబు: అమ్మకు మందులిస్తూ పుట్టిన ఇష్టం కాబట్టి ఇది నాలుగు రోజుల ముచ్చట కాదని తెలుస్తూనే ఉంది. అందుకే ముందు లెక్క తేల్చుకుందాం.

ఫీజుకు డబ్బుందని మీరు ధైర్యంగా ఉన్నారు. కానీ ఇందులో అసలు పెద్ద ఖర్చు రాకుండా పోయే జీతం. నాలుగేళ్లంటే 48 నెలలు. ఫీజు 16 కలిపితే 64 నెలల జీతం. చదువయ్యాక పాతిక శాతం ఎక్కువ వచ్చినా నెలకు అదనంగా చేతికొచ్చేది పావు జీతమే. పావు చొప్పున 64 పూడాలంటే 256 నెలలు, అంటే 21 ఏళ్ల పైమాటే. 38కి డిగ్రీ చేతికొస్తే, పెట్టింది తిరిగి రావడానికి మీకు 59 దాటుతుంది. పాత ఉద్యోగంలో వచ్చే ఇంక్రిమెంట్లు, ఆ నాలుగేళ్లు రిటైర్మెంట్‌కు దాచలేకపోయే డబ్బు నేనింకా కలపనేలేదు.

ఇంకో సంగతి. ఫీజు కట్టేశాక మీ దగ్గర మిగిలేది నాలుగు నెలల జీతం. దాంతో 48 నెలలు గడవాలి. పోనీ ఎడ్యుకేషన్ లోన్ తీసుకుందామా అంటే, చదువుతున్నన్నాళ్లూ ఈఎంఐ లేకపోయినా వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉండొచ్చు. 10 శాతం చక్రవడ్డీకి తీసుకున్న 100, ఏమీ కట్టకుండా వదిలేస్తే నాలుగేళ్లు తిరిగేసరికి 146 అవుతుంది.

కాబట్టి జీతం పెరుగుతుందనే ఆశతో అయితే వద్దనే చెబుతాను. పని మీద ఇష్టంతో అయితే ఆ పనిని ముందు దగ్గర నుంచి చూడండి. నిబంధనలు ఒప్పుకునే మేరకు సెలవు రోజుల్లో ఏదైనా ఫార్మసీలో సహాయకురాలిగా చేయండి. ఇంట్లో అమ్మ ఒక్కరికి మందులివ్వడం వేరు, గంటల తరబడి నిలబడి వచ్చిన ప్రతి చీటీలో మోతాదు సరిచూడడం వేరు. రక్తం పలుచబడడానికి వార్ఫరిన్ వాడే మనిషి ఒళ్లు నొప్పులని ఐబుప్రోఫెన్ అడిగితే అక్కడే ఆపాలి, రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. వెనక జనం తొందరపెడుతున్నా ఆ ప్రశ్న అడిగే ఓపిక ఉందో లేదో అక్కడే తెలుస్తుంది.

మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్న దారి ఇంకొకటుంది. మందుల డిస్ట్రిబ్యూటర్లకు, ఆసుపత్రుల కొనుగోలు విభాగాలకు స్టాక్ లెక్క తెలిసినవాళ్లు కావాలి. అకౌంట్స్‌లో మీరు నేర్చుకున్నది ముందొచ్చిన సరుకు ముందు వెళ్లాలని. మందుల దగ్గర ఎప్పుడొచ్చినా సరే, గడువు ముందు తీరేది ముందు వెళ్లాలి. ఈ తేడా పట్టుకుంటే మీ పదకొండేళ్ల అనుభవం అక్కరకొస్తుంది, జీతమూ ఆగదు. ఒకట్రెండేళ్లు అక్కడున్నాక కూడా డిగ్రీ కావాలనిపిస్తే, సేవింగ్స్ ఇంకొంచెం పెరిగి ఉంటాయి, తెలిసి దిగుతారు.

అప్పుడైనా అడ్మిషన్ ఫీజు కట్టేముందు, మీరు పనిచేయాలనుకునే చోట ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్‌కు ఆ కాలేజీ డిగ్రీ చెల్లుతుందో లేదో రిజిస్ట్రేషన్ ఇచ్చే సంస్థనే అడగండి, కాలేజీవాళ్ల మాట చాలదు. ప్రస్తుతం హెల్త్ ఇన్సూరెన్స్ మీ ఆఫీసు తరఫున ఉంటే, రాజీనామాకు ముందే సొంత పాలసీ తీసుకోండి. ఆరు నెలల ఇంటి ఖర్చు, లోన్ వాయిదాలతో సహా, విడిగా పెట్టి దాన్ని ఫీజుకు వాడొద్దు.

వచ్చే నెల నుంచి మూడు నెలలు మీ జీతం మొత్తం వేరే ఖాతాలో వేసి, మీ ఆయన జీతంతోనే ఇల్లు నడిపి చూడండి. ఎక్కడ తట్టుకోలేకపోయారో రాసి పెట్టుకోండి. ఆ కాగితం పంపితే మిగతాది దాన్ని బట్టి లెక్కేద్దాం.