పానగల్లు వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడికి ఆశీస్సులు.

నల్లగొండ పక్కనున్న పానగల్లు మీద నీవు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ ఊరినేలిన కందూరు చోళులు, ఉదయసముద్రం చెరువు, ఛాయా సోమేశ్వరాలయ గర్భగుడిలో కదలక నిలిచే నీడ, అన్నీ ఉన్నాయి కానీ ఆ చెరువుకట్ట మీద రోజూ నడిచే మనిషి కనిపించలేదు. ఊరివాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి అడిగావని చదువుతుంటేనే తెలిసిపోయింది. అలా అడిగితే ఎవరైనా పాఠం ఒప్పజెప్పినట్టే చెబుతారు.

ఈ తప్పు నేనూ చేశాను. శ్రీశైలం జలాశయంలో ఊరు మునిగి, కొల్లాపూర్ వైపు వచ్చి స్థిరపడిన ఒక అవ్వను ఆమె అరుగు మీదనే పూటంతా ప్రశ్నలడిగితే, నష్టపరిహారం ఎవరికి ఎంత వచ్చిందో, ఎవరికి రాలేదో చెప్పింది. పదిమందికి చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలవి. మరుసటి ఎండాకాలం, నిండితే 885 అడుగులుండే నీటిమట్టం బాగా పడిపోయి పాత ఊరి పునాదులు బయటపడినప్పుడు, తెల్లవారుజామున ఆమె వెంట ఆ నెర్రెలిచ్చిన ఒండ్రులోకి దిగాను. గోడలు లేని చోట కూడా ఆమె సందు మలుపు తిరిగినట్టే తిరిగింది. ఒక చోట చెప్పులు విడిచి, "ఈడనే మా బొడ్రాయి ఉండె" అన్నది. ఇంకొంత దూరం పోయాక, పది అడుగుల్లో తేలిపోయే అడ్డదారిని వదిలి చుట్టూ తిరిగి నడిచింది. ఎందుకని అడిగితే, "అది పెద్దోళ్ల వాకిలి బిడ్డా, మేం అటు పోయెటోళ్లం కాదు" అన్నది. ఊరు మునిగి నలభై ఏళ్లు దాటినా ఆ వాకిలిని ఆమె కాళ్లు మరవలేదు. అరుగు మీద కులం సంగతి అడిగినప్పుడు "అందరం మంచిగనే ఉండెటోళ్లం" అన్న మనిషి కూడా ఆమెనే.

మనుషుల వెంట వారి రోజువారీ దారుల్లో నడుస్తూ మాట్లాడించడాన్ని సామాజిక శాస్త్రవేత్తలు ఒక పరిశోధన పద్ధతిగానే వాడుతున్నారు. మార్గరెటే కుసెన్‌బాఖ్ 2003లో దీని మీద ఒక వ్యాసం రాసింది. నీకు మాత్రం పేరు కంటే పని ముఖ్యం.

ఏం రాయబోతున్నావో బయలుదేరకముందే వారికి చెప్పు. దారి వారినే ఎంచుకోనివ్వు, ఒక అడుగు వెనుకనే ఉండు. ఎక్కడ ఆగారో, ఎక్కడ మాట తగ్గించారో, దేన్ని తప్పించుకొని పోయారో అదే నీకు కావలసింది. మధ్యలో ప్రశ్న వేసి దాన్ని చెడగొట్టకు. కట్ట మీది గాలికి ఫోను రికార్డరులో హోరు తప్ప ఏమీ మిగలదు కనుక, ఇల్లు చేరిన గంటలోపే నడిచిన దారిని చేత్తో గీసి, ఆగిన చోట్ల విన్న మాటలు రాసుకో. ముసలివారైతే వారి మోకాళ్లను చూసి నడవాలి, రెండు వందల అడుగులైనా చాలు. ఆడవారితో నడిచేటప్పుడు వారింటి మనిషిని ఒకరిని తోడు రమ్మను, లేకపోతే ఊరు వేరే కథ అల్లుతుంది.

బతుకమ్మను ఎత్తుకొని తాను ఏ దారిన చెరువుకు పోయేదో ఆ దారినే నడిచి చూపించమని పానగల్లులో ఒక పెద్దమ్మను అడుగు. వచ్చే నెల నేను నల్లగొండకు వస్తున్నాను. వ్యాసం తరువాత చూద్దాం, ముందు ఆ దారి గీసిన కాగితం తీసుకొని రా.

మీ అన్న