ఇంటీరియర్ క్లీనింగ్‌కు ఎంత తీసుకోవాలి? లెక్క బండి మోడల్‌ది కాదు, గంటలది

మీరు అడిగింది మూడు సంగతులు. వరంగల్‌లో ఇద్దరు కుర్రాళ్ళతో చిన్న డీటెయిలింగ్ షాపు, అంటే కార్లను శ్రద్ధగా శుభ్రం చేసే షాపు పెడుతున్నారు, ఇంటీరియర్‌కు, అంటే కారు లోపలి పనికి రేటు ఎలా కట్టాలి? పక్క షాపువాళ్ళు 799 అని బోర్డు పెట్టారు, మనమూ అంతే పెట్టాలా? ఫోన్లో "అన్నా, స్విఫ్ట్‌కి ఎంత?" అని అడిగితే ఏం చెప్పాలి?

రేటు కార్డు రాసే ముందు మీ షాపులో ఒక మనిషి చేసే గంట పని ఎంతకు పడుతుందో తేల్చండి. అది తెలియకుండా పక్కవాళ్ళ బోర్డు చూసి పెట్టిన రేటుతో పని ఎంత ఎక్కువ వస్తే నష్టం అంత ఎక్కువ. ఉదాహరణకు ఇలా అనుకుందాం. ఇద్దరు కుర్రాళ్ళ జీతాలు 36,000, అద్దె 22,000, కరెంటు 5,000, నీళ్ళు 3,000, మెషీన్ల అరుగుదల 4,000, ఫోను, ప్రచారం, చిల్లర ఖర్చులు 5,000. మొత్తం 75,000. దీనికి మీ జీతం 30,000 కలపండి. చాలామంది దీన్ని వదిలేస్తారు, నెలాఖరుకు మిగిలిందే నా జీతం అనుకుంటారు. తప్పు. మీరూ షాపులో పనిచేస్తున్నారు కదా. అంటే నెలకు 1,05,000.

ఇప్పుడు అమ్ముకోగలిగిన గంటలు. ఇద్దరు, 26 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 416. కానీ ఇందులో బండి రాని గంటలున్నాయి, గుడ్డలు ఉతికే గంటలున్నాయి, కస్టమర్‌తో మాట్లాడే గంటలున్నాయి. కొత్త షాపుకు 60 శాతం పట్టుకోండి, దాదాపు 250 గంటలు. 1,05,000ను 250తో భాగిస్తే గంటకు 420. దాని మీద 15 శాతం లాభం వేస్తే 483. కాబట్టి విడిగా చేసే ప్రతి అదనపు పనికీ గంటకు 500 అని గుర్తుపెట్టుకోండి. మీ అద్దె, జీతాలు వేరుగా ఉంటే అంకెలు మారతాయి, లెక్క మాత్రం ఇదే.

మామూలుగా వాడిన, బట్ట సీట్లున్న ఐదు సీట్ల హ్యాచ్‌బ్యాక్ తీసుకోండి. కంప్రెసర్ గాలితో సందుల్లో దుమ్ము లేపి వాక్యూమ్ పట్టడానికి 50 నిమిషాలు. డ్యాష్‌బోర్డు, డోర్ ప్యాడ్లు, గేర్ చుట్టుపక్కల, ఏసీ గ్రిల్స్ బ్రష్షుతో తీయడానికి 45. సీట్లకు నురగ కొట్టి, బ్రష్ చేసి, ఎక్స్‌ట్రాక్టర్‌తో (నీళ్ళు కొట్టి మురికితో సహా పీల్చే మెషీన్) లాగడానికి 60. రూఫ్ లైనింగ్‌కు, అంటే లోపలి పైకప్పు బట్టకు 10, అద్దాలకూ చివరి తుడుపుకూ 15. మొత్తం మూడు మనిషి గంటలు. ఇద్దరు కలిసి చేస్తే గంటన్నరలో అయిపోతుంది కదా అని రేటు సగం చేయకండి, జీతం ఇద్దరికీ ఇస్తున్నారు.

మందుల, అంటే క్లీనింగ్ లిక్విడ్ల ఖర్చు చాలామంది భయపడేంత ఉండదు. ఏపీసీ (ఆల్ పర్పస్ క్లీనర్, అన్నిటికీ వాడే క్లీనర్) 5 లీటర్ల క్యాన్ 1,500కి కొన్నారనుకుంటే లీటరు 300. ఒకటికి పది పాళ్ళు నీళ్ళు కలిపితే 11 లీటర్లు వస్తుంది, అంటే కలిపిన లీటరు 27 రూపాయలు. ఒక హ్యాచ్‌బ్యాక్‌కు లీటరున్నర చాలు. ప్లాస్టిక్‌కు మెరుపునిచ్చే డ్రెస్సింగ్, అద్దాల లిక్విడ్, ఆరేడు మైక్రోఫైబర్ గుడ్డల అరుగుదల, ఉతుకు అన్నీ కలిపి 120 పెట్టుకోండి. మూడు గంటలకు 1,260, మందులకు 120, మొత్తం 1,380. దాని మీద 15 శాతం వేస్తే 1,587. మీ రేటు 1,600.

ఇదే దారిలో ఏడు సీట్ల ఎర్టిగా, ఇన్నోవాలకు ఐదు గంటలు పట్టుకుని, మందులకు 180 వేస్తే 2,600 వస్తుంది. మూడో వరస సీట్ల కింద, వాటి బెల్టుల మొదట్లో చేయి దూరదు, టైమంతా అక్కడే పోతుంది. సెడాన్‌కు, క్రెటా సైజు బండికి మూడున్నర నుంచి నాలుగు గంటలు.

ఇక పక్క షాపు 799. లాభం తీసేస్తే 695. మందులు పొదుపుగా వాడి 50 అనుకున్నా మిగిలింది 645, మీ గంట రేటుతో చూస్తే గంటన్నర పని. గంటన్నరలో వాక్యూమ్, పైపై తుడుపు, మ్యాట్లు, అద్దాలు అవుతాయి, సీటు తడవదు. కాబట్టి వాళ్ళు మోసం చేస్తున్నారని కస్టమర్‌కు చెప్పొద్దు, వాళ్ళు అమ్మేది వేరే పని. మీరూ అలాంటిది ఒకటి పెట్టుకోండి, "డ్రై క్లీన్, సీట్లు కడగం" అని బోర్డు మీదే రాసి. 1,600 పనిని 799కి చేస్తామని మాత్రం ఒప్పుకోకండి. ఒకసారి ఆ రేటుకు చేశారంటే ఆ కస్టమర్‌కూ, అతని అపార్ట్‌మెంటులో వాళ్ళందరికీ మీ రేటు అదే అయిపోతుంది.

బండి సైజు కంటే రేటును ఎక్కువగా మార్చేది మురికి. మామూలు మురికికి పై లెక్క. పిల్లలు తిండి రాల్చినది, ఏడాదిగా వాక్యూమ్ చూడనిది అయితే ఒకటిన్నర రెట్లు టైము. ట్రావెల్స్ బండి, ఇటుక బట్టీకో ఇసుక రీచ్‌కో తిరిగే బండి అయితే రెండు రెట్లు. సూర్యలంక, రుషికొండ బీచ్‌ల నుంచి వచ్చిన బండికి ఒక గంట విడిగా వేయండి. ఇసుక కార్పెట్ నూలు మొదట్లో కూర్చుంటుంది, గట్టి బ్రష్షుతో కొట్టి పైకి లేపితే తప్ప వాక్యూమ్‌కు రాదు. కుక్క వెంట్రుకలకు గంట నుంచి గంటన్నర, రబ్బరు గ్లవ్‌తో ఒకే దిక్కుకు లాగాలి.

మరకల విషయంలో మన దగ్గర అందరికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది పసుపు. కొత్త బండి పూజలో పడింది కావచ్చు, పప్పో పులుసో ఒలికింది కావచ్చు. పసుపు రంగు క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది, ఏపీసీ క్షారమే. కొట్టగానే లేత రంగు సీటు మీద ఎర్రటి మచ్చ లేస్తుంది, కుర్రాడు కంగారుపడి ఇంకా రుద్దుతాడు, మచ్చ ఇంకా పాకుతుంది. అక్కడ ఆపి, తెల్ల వెనిగర్ ఒక పాలు, నీళ్ళు నాలుగు పాళ్ళు కలిపి అద్దండి, ఎరుపు మళ్ళీ పసుపవుతుంది. మెత్తటి గుడ్డతో అద్ది తీస్తూ ఉండండి. మిగిలిన లేత పసుపును ఎండే తీస్తుంది, అద్దాల్లోంచి నేరుగా ఎండ పడేలా రెండు మూడు రోజులు బండి పెట్టమని కస్టమర్‌కు చెప్పండి. కుంకుమ పొడి రాలితే ముందు నీళ్ళు తగలనివ్వకండి. పూర్తిగా వాక్యూమ్‌తో లాగాకే తడి. ఇలాంటి మరకకు అరగంట అదనం వేసి, "తగ్గుతుంది, పూర్తిగా పోతుందని గ్యారంటీ లేదు" అని బిల్లు మీదే రాయండి.

పాలు, వాంతి ఇంకో రకం. శ్రీశైలం ఘాట్ దిగి వచ్చిన బండ్లలో వాంతి మామూలే. వీటి మీద ముందే స్టీమర్ పెడితే అందులోని ప్రోటీన్ ఉడికి నూలుకు పట్టేస్తుంది. చల్లటి నీళ్ళతో ఎక్స్‌ట్రాక్టర్ పట్టి లాగాలి, తర్వాత ఎంజైమ్ క్లీనర్ కొట్టి 15 నిమిషాలు ఆరకుండా ఉంచాలి, మళ్ళీ లాగాలి. పాలు సీటు లోపలి స్పాంజి దాకా దిగితే పైన ఎంత కడిగినా, బండి ఎండలో నిలబడిన రోజు వాసన తిరిగొస్తుంది. అలాంటిది గంట నుంచి రెండు గంటల అదనపు పని. స్పాంజికి దిగిందని అనుమానమైతే రేటు చెప్పకముందే ఆ మాట చెప్పాలి. సిగరెట్ వాసనైతే సీట్లు కడిగి వదిలేయకండి, రూఫ్ లైనింగ్ తుడవాలి, ఏసీ ఫిల్టర్ మార్చాలి. ఫిల్టర్ ధర బిల్లులో విడిగా చూపండి.

లెక్కలో అందరూ మర్చిపోయేది ఆరబెట్టే టైము. బట్ట సీటుకు ఒకసారి తడి లాగితే మూడుసార్లు పొడిగా లాగాలి, నీళ్ళ గొట్టంలో చుక్క రాని దాకా. మే నెలలో వరంగల్ ఎండకు తలుపులు తెరిచిపెడితే మూడు నాలుగు గంటల్లో ఆరిపోతుంది. ఆగస్టు ముసురులో మర్నాటి దాకా ఆరదు, బ్లోవర్ పెట్టాల్సిందే, ఆ బే, అంటే బండి నిలిపిన చోటు, మీకు ఖాళీ ఉండదు. అందుకే వానాకాలంలో తడి పనికి 200 నుంచి 300 ఎక్కువ తీసుకోవడంలో తప్పు లేదు. కారణం చెప్తే కస్టమర్లు ఒప్పుకుంటారు. తడి సీట్లతో అద్దాలు మూసి అప్పగిస్తే మాత్రం రెండు రోజుల్లో ముక్కవాసన వచ్చి బండి తిరిగి మీ దగ్గరికే వస్తుంది, ఈసారి ఉచితంగా చేయాలి.

అలాంటి ఉచిత పనులకు దారితీసే పొరపాట్లు ఇంకొన్ని. రూఫ్ లైనింగ్‌ను నీళ్ళతో తడపకూడదు. బట్టను స్పాంజితో, స్పాంజిని బోర్డుతో పట్టి ఉంచేది జిగురు, తడిస్తే ఊడి వేలాడుతుంది. మందు గుడ్డకు కొట్టి తుడవాలి. పవర్ విండో స్విచ్‌ల మీద, టచ్ స్క్రీన్ మీద నేరుగా స్ప్రే చేయొద్దు. సన్న రంధ్రాలున్న లెదర్ సీటుకు నురగ వద్దు, లోపల ఫ్యానో హీటరో ఉండొచ్చు. స్టీరింగ్, పెడల్స్ మీద మెరుపు స్ప్రే అసలే వద్దు, జారితే ప్రాణం మీదికి వస్తుంది. సీట్ బెల్టు మురికిగా ఉంటే పూర్తిగా బయటికి లాగి క్లిప్ పెట్టి, పల్చటి సబ్బు నీళ్ళతో తుడిచి, ఆరాకే వదలాలి. బ్లీచ్ తగిలితే బెల్టు బలం పోతుంది.

సీటు విప్పే పని 1,600లో కలపకండి. చాలా బండ్లలో సీటుకు నాలుగు బోల్టులే, కానీ కింద పసుపు రంగు కనెక్టర్ ఉంటే అది ఎయిర్‌బ్యాగుది. బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగాకే దాన్ని ముట్టుకోవాలి, మళ్ళీ కలిపేదాకా ఇగ్నిషన్ వేయకూడదు. వేస్తే ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి, బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌తో చెరిపేదాకా పోదు. కుర్రాళ్ళకు ఇది రాకపోతే సీటును ముందుకూ వెనక్కూ జరిపి వాక్యూమ్ పట్టడంతో ఆపేయమనండి. విప్పాల్సి వస్తే గంటన్నర అదనం, 750.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో మునిగినటువంటి బండి ఎప్పుడైనా వస్తే ఏ ప్యాకేజీ రేటూ చెప్పకండి. సీట్లు, కార్పెట్ తీయాలి, కార్పెట్ కింది దళసరి పొర రోజుల తరబడి నీళ్ళు పట్టి ఉంచుతుంది, ఆ కింద వైరింగ్ ఉంటుంది. బీమా సర్వేయర్ చూసి ఫొటోలు తీసుకున్నాకే పని మొదలుపెట్టాలి. గంటల లెక్కన బిల్లు, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే.

జీఎస్టీ సంగతి. నెలకు 250 గంటలు, బండికి మూడు గంటల చొప్పున 83 బండ్లు, 1,600 వంతున చూస్తే ఏడాదికి దాదాపు 16 లక్షలు. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే గీత ఏడాదికి 20 లక్షలు. మూడో కుర్రాడిని పెట్టుకున్న ఏడాదే అది దాటుతుంది. అప్పటి నుంచి 18 శాతం వేయాలి, 1,600 బిల్లు 1,888 అవుతుంది. అందుకే రేటు కార్డు మీద మొదటి రోజు నుంచే "పన్నులు అదనం" అని రాసుకోండి. 799 పన్నుతో కలిపి అని రాసుకున్నవాళ్ళ చేతికి మిగిలేది 677 మాత్రమే.

చివరిది, ఫోన్లో రేటు. ఒక్క అంకె చెప్పకండి, మొదలయ్యే రేటు చెప్పండి: "స్విఫ్ట్‌కు 1,600 నుంచి మొదలు సార్, సీట్లు బట్టవా లెదరా, మరకలేమైనా ఉన్నాయా? నాలుగు ఫొటోలు వాట్సాప్ చేయండి." అడగాల్సినవి డ్రైవర్ సీటు, వెనక సీటు మధ్య, మ్యాట్ తీసిన నేల, డిక్కీ. ఫొటోకు వాసన, తడి తెలియవు కాబట్టి బండి వచ్చాక మ్యాట్లు ఎత్తి కార్పెట్ మీద అరచెయ్యి నొక్కి చూడండి, సీటు కింద టార్చి వేయండి. ముందే ఉన్న చిరుగులు, వెలిగే వార్నింగ్ లైట్లు కస్టమర్ ఎదుటే ఫొటో తీయండి. తుది రేటు అప్పుడు చెప్పి, ఒప్పుకున్నాకే తాళం తీసుకోండి. పని మధ్యలో రేటు పెంచితే ఎంత న్యాయమైన కారణమున్నా ఆ మనిషి మళ్ళీ రాడు. ప్రతి బండికీ పట్టిన గంటలు ఒక నోటుబుక్కులో రాయించండి. 20 బండ్లు అయ్యేసరికి మూడు గంటలన్నది మీ షాపులో రెండున్నరా, నాలుగా తేలుతుంది, అప్పుడు కార్డు మార్చండి.