పట్టిక మధ్య గీత

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, ఆధునిక సమాజం మీద, దాని తరువాత వచ్చిందంటున్న ఉత్తరాధునిక సమాజం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. సమాజశాస్త్రవేత్తలు వెబర్, డర్క్‌హైమ్ చెప్పినదాన్ని నీ మాటల్లోకి తెచ్చుకున్నావు, సంతోషం. మూడో పేజీలో పట్టిక దగ్గర మాత్రం ఆగిపోయాను. ఎడమవైపు ఆధునిక సమాజం: కర్మాగారం, కార్యాలయం, హేతువు, ప్రగతి. కుడివైపు ఉత్తరాధునిక సమాజం: వినియోగం, తెర, సందేహం, ముక్కలైన అస్తిత్వం. మధ్యలో నిలువు గీత. పరీక్షలో దీనికి మార్కులు పడతాయి. కానీ ఆ గీత మన ఊళ్లలో ఎక్కడా కనబడదు.

ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. మా నాన్నగారు నన్ను దాని మీద నడిపిస్తూ 70 గేట్లూ లెక్కపెట్టించేవారు. నదిని కొలవవచ్చు, ఆపవచ్చు, పొలానికి మళ్లించవచ్చు అన్న ధీమా ఆయన గొంతులో వినిపించేది. వెబర్ చెప్పిన హేతుబద్ధీకరణ, అంటే దేన్నైనా లెక్కతో, పద్ధతితో నడిపించవచ్చన్న తీరు, నాకు పుస్తకం కన్నా ముందు ఆ నడకలోనే తెలిసింది.

2024 సెప్టెంబరు మొదటివారంలో అదే బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయింది. అటు బుడమేరు వాగు పొంగి నగరంలోని సింగ్‌నగర్ మునిగింది. నేను అప్పుడు మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. కింది వాటా నీళ్లలో ఉంది, కరెంటు లేదు, మేడ మీద నాలుగు కుటుంబాలం. ఛార్జింగ్ మిగిలిన ఒకే ఒక్క ఫోను చుట్టూ చేరాం. మళ్లీ గండి పడిందని ఒక సందేశం. గండి పూడ్చేశారని ఇంకొకటి. అధికారుల ప్రకటన ఆ రెండింటి మధ్యా వచ్చింది, అదే తెర మీద, అంతే సైజు అక్షరాల్లో. దేన్ని నమ్మాలో ఎవరికీ తోచలేదు. చివరికి పక్కవాటా ఆవిడ పిల్లల పలక మీది సుద్దముక్క తీసుకుని మెట్లు దిగి, నీళ్లు తాకుతున్న చోట గోడ మీద గీత గీసింది. గంట తరువాత మళ్లీ దిగి చూసి, బెత్తెడు తగ్గిందని చెప్పింది. ఆ రాత్రి మేము నమ్మిన సమాచారం అదొక్కటే.

మహాకథనాల మీద, అంటే ప్రగతి, విముక్తి వంటి అన్నిటినీ వివరించే పెద్ద కథల మీద అపనమ్మకమే ఉత్తరాధునిక స్థితి అని ఫ్రెంచి తత్వవేత్త లియోటార్ 1979లో రాసింది నీకు తెలుసు. ఆ మేడ మీద నేను చూసింది దానికి దగ్గరగానే ఉంది. అయితే అదే రాత్రి బ్యారేజీ దగ్గర ఇంజినీర్లు ప్రవాహాన్ని గంటగంటకూ లెక్కగడుతూనే ఉన్నారు. ఆ లెక్క లేకపోతే నగరం గతి ఏమయ్యేది? రెండు సమాజాలూ ఒకే రాత్రి, ఒకే ఊళ్లో పనిచేశాయి. ఆధునికతే కొత్త ప్రమాదాలను పుట్టిస్తుందని జర్మన్ సమాజశాస్త్రవేత్త బెక్ 1986లో అన్నాడు. ఏరు పారే దారిలో కాలనీలు లేచాక ఆ మాటకు వేరే ఉదాహరణ అక్కర్లేదు. అతడు గానీ బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త గిడెన్స్ గానీ ఆధునికత ముగిసిందని ఒప్పుకోలేదు. మరో సమాజశాస్త్రవేత్త బౌమన్ మొదట ఉత్తరాధునికత అన్న మాటే వాడి, 2000 నాటికి 'ద్రవ ఆధునికత'కు, అంటే ఏదీ గట్టిగా నిలవని ఆధునికత అన్న మాటకు మారాడు. నువ్వు వీళ్లందరినీ ఒకే గాటన కట్టేశావు. విడదీసి రాయి.

ఇంకొకటి. మహాకథనం బీటలు వారడాన్ని పారిస్‌లోనే వెతకకు. 1985లో కారంచేడులో దళితుల ఊచకోత తరువాత దళిత రచయితలూ, ఆ దశాబ్దంలోనే స్త్రీవాద కవులూ వర్గపోరాటం అనే పెద్ద కథలో తమ గడప ఎక్కడుందని నిలదీశారు. బెజవాడ సాహిత్య సభల్లో ఆ వాదనలు అర్ధరాత్రి దాకా సాగడం నేను విన్నాను. వాళ్లు అడిగింది సమానత్వం, న్యాయం. ఇంతకన్నా ఆధునికమైన కోరిక ఏముంది? నీ పట్టికలో వాళ్లను ఏ గడిలో వేస్తావు? నాకు ఇప్పటికీ తెగని ప్రశ్న ఇది. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉందని నా నమ్మకం. దీనికి రెండు పేజీలైనా ఇవ్వు.

పట్టిక తీసేశాక ఆ చోట ఏం పెట్టాలా అని బెంగపడకు. మీది గుంటూరు. పొద్దున్నే మిర్చి యార్డుకు వెళ్లు. టిక్కీ (మిర్చి బస్తా) విప్పి కాయ విరిచి చూసే వ్యాపారి ఉంటాడు, కాటా ఉంటుంది, కమీషన్ చీటీ ఉంటుంది. పక్కనే ధర పెరుగుతుందని ఎవరో చెబుతున్న వీడియోను ఫోనులో చూస్తున్న రైతు కూడా ఉంటాడు. అతడు ఎవరి మాట విని సరుకు అమ్మాడో, ఎవరి మాట విని కోల్డ్ స్టోరేజీకి పంపాడో కూర్చుని అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసుకో. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సరుకు ముమ్మరంగా వస్తుంది. ఘాటు తట్టుకోలేవు, ముక్కుకు తడిగుడ్డ కట్టుకో.