షట్టర్ దించిన రోజుకు ఖర్చెంత? టెంట్ హౌస్ నడిపిన అనుభవంతో నా జవాబు

మహబూబ్‌నగర్‌లో మొబైల్ దుకాణం పెట్టి మూడేళ్లయిందని, ఆరు నెలలుగా గిరాకీ సగానికి పడిపోయిందని రాశారు. ఇలాంటి గడ్డుకాలంలో చిన్న వ్యాపారాలు ఎలా తట్టుకుంటాయో అనుభవం ఉన్నవాళ్లు చెప్పమన్నారు. మాది నల్లగొండ జిల్లా హాలియా. పదిహేనేళ్ల పైనుంచి టెంట్ హౌస్ నడుపుతున్నాను. షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు, లైటింగ్ కిరాయికి ఇస్తాం. మీ వ్యాపారం వేరు, నాది వేరు. కానీ మీరు రాసిన "రాత్రి నిద్ర పట్టడం లేదు" అన్న మాట చదివాక ఊరుకోలేకపోయాను. ఆ రాత్రులు నాకు బాగా తెలుసు.

గిరాకీ తగ్గినంత మాత్రాన ఏ దుకాణమూ మూతపడదని నేను నమ్ముతాను. షట్టర్ దించి ఉన్న రోజు కూడా ఆగకుండా నడిచే ఖర్చు ఒకటుంటుంది, దుకాణాన్ని మింగేది అదే. ఇది నాకు మూడు దెబ్బలు తిన్నాక గానీ అర్థం కాలేదు.

మొదటిది నోట్ల రద్దు. 2016 నవంబర్ 8 రాత్రి 500, 1,000 నోట్లు చెల్లవన్నారు. అది కార్తీకమాసం, పెళ్లిళ్ల సీజన్. పెళ్లి ఉన్న ఇంటివాళ్లు ఖాతాలోంచి రెండున్నర లక్షలు తీసుకోవచ్చని తర్వాత వెసులుబాటు ఇచ్చారు. కానీ శుభలేఖ పట్టుకొని లైన్లో నిలబడ్డా అంత డబ్బు చేతికొచ్చిన ఇల్లు మా గిరాకీలో ఒక్కటీ లేదు. సామాన్లు పంపాం, పెళ్లిళ్లు అయిపోయాయి, పైసలు మాత్రం ఖాతా పుస్తకంలోనే ఉండిపోయాయి. సంక్రాంతి దాటాక ఒక్కొక్కరూ తెచ్చిచ్చారు, ఇద్దరు ముగ్గురు తప్ప. అప్పటికి నాకు బ్యాంకు అప్పు లేదు, గోదాం కిరాయి కూడా తక్కువే. అందుకే ఆ దెబ్బ పెద్దగా తగల్లేదు. నేను మాత్రం అది నా తెలివి అనుకున్నాను.

అలా అనుకునే 2018 డిసెంబర్‌లో 5 లక్షలు లోన్ తీసుకున్నాను. 11 శాతం వడ్డీ, ఐదేళ్లు, నెలకు 10,870 కిస్తీ. మా దగ్గర కొత్తగా రెండు టెంట్ హౌసులు వచ్చాయి. వాళ్ల లైటింగ్ చూసి ఆర్డర్లు అటు పోతున్నాయని భయపడి కొత్త లైట్లు, స్టేజీ సామాను కొన్నాను. ఏడాది బాగానే నడిచింది.

రెండో దెబ్బ కరోనా. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ, ఆ వెంటే లాక్‌డౌన్. మాకు ఏప్రిల్, మే నెలలంటే ఏడాది సంపాదనలో సగం. ఆ రెండు నెలలకు పదకొండు పెళ్లిళ్లు బుక్ అయి ఉన్నాయి. వారం రోజులు టీవీ ముందు కూర్చొని టెన్షన్ పడటం తప్ప నేనేం చేయలేదు. ఎనిమిదో రోజు మా ఆవిడ పిల్లల రఫ్ నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. "గిరాకీ సంగతి తర్వాత. దుకాణం మూసి ఉన్నా నెలకు మన చేతిలోంచి ఎంత పోతుందో ముందు రాయి" అంది.

రాశాను. గోదాం కిరాయి 6,000. బ్యాంకు కిస్తీ 10,870. ఇంటి ఖర్చు 14,000. మా దగ్గర ఎప్పటినుంచో ఉన్న ఇద్దరు పనివాళ్లకు సగం జీతం లెక్కన 10,000. చిట్టీ 5,000. కరెంటు, ఫోన్లు 1,200. మొత్తం 47,070. ముప్పైతో భాగిస్తే రోజుకు దాదాపు 1,570 రూపాయలు.

ఇక చేతిలో ఉన్నది ఎంత? గల్లాలో, బ్యాంకులో కలిపి 75 వేలు. అందులో 38 వేలు పెళ్లిళ్లవాళ్లు ఇచ్చిన అడ్వాన్సులు. ఇక్కడ చాలామంది వ్యాపారులు చేసే తప్పు నేనూ చేయబోయాను, ఆ పైసలు కూడా నావే అనుకున్నాను. వాళ్లకు పని చేసి పెట్టేదాకా అవి వాళ్ల పైసలే. పదకొండు ఇళ్లకూ నేనే ఫోన్ చేశాను. వాళ్లు అడిగేదాకా ఆగితే మాట పోతుందని నా భయం. నలుగురు వెనక్కి కావాలన్నారు, 13 వేలు ఇచ్చేశాను. మిగతా ఏడుగురు "ఉంచన్నా, ముహూర్తం మళ్లీ పెట్టుకున్నప్పుడు చూసుకుందాం" అన్నారు. 62 వేలు మిగిలాయి. రోజుకు 1,570 చొప్పున అవి నలభై రోజులకు కూడా చాలవు.

అయితే భయం ఒక అంకెలోకి వచ్చాక దాంతో ఏం చేయాలో తెలుస్తుంది. ఒకటో తారీఖు రాకముందే గోదాం ఓనర్‌కు ఫోన్ చేశాను. ఆయన రిటైర్డ్ మనిషి, ఆ కిరాయి మీదే ఇల్లు గడుస్తుంది. మొదట మాట్లాడలేదు. నా నోట్‌బుక్ లెక్క ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. "మూడు నెలలు సగం ఇవ్వు, మిగతా సగం దసరా దాటాక ఇద్దువులే" అన్నారు. చిట్టీలో ఇరవై మందిమి ఉన్నాం, అందరి పరిస్థితీ ఒకటే కాబట్టి రెండు నెలలు ఆపుకున్నాం. ఇంటి ఖర్చు మా ఆవిడ 11 వేలకు తెచ్చింది. బ్యాంకు కిస్తీకి రిజర్వ్ బ్యాంకు మూడు నెలల మారటోరియం, అంటే వాయిదా ఇచ్చింది. మళ్లీ లెక్క వేస్తే నెలకు 25,200, అంటే రోజుకు 840. అవే 62 వేలు ఇప్పుడు డెబ్బై మూడు రోజులు వస్తాయి. కొత్తగా ఒక్క రూపాయి సంపాదించలేదు. అప్పుల వాళ్లకు ముఖం చాటేయకుండా ముందే మాట్లాడినందుకు ముప్పై మూడు రోజులు చేతికొచ్చాయి. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

మారటోరియం గురించి ఒక జాగ్రత్త. కిస్తీ వాయిదా పడిందంటే మిత్తి (వడ్డీ) ఆగిందని కాదు. అప్పటికి నా లోన్ 4 లక్షలు మిగిలి ఉంది, మూడు నెలలకు దాదాపు 11 వేలు అసలు మీద చేరింది. ఈ సంగతి బ్యాంకులో ఎవరూ చెప్పలేదు, స్టేట్‌మెంట్ తీసుకున్నాక చూసుకున్నాను. ఆగస్టు 31 దాకా పొడిగించినప్పుడు నేను మిత్తి వరకైనా నెలనెలా కట్టేశాను. మీకు ఎప్పుడైనా ఇలాంటి వెసులుబాటు దొరికితే చేతిలో పైసలు లేనప్పుడే వాడుకోండి.

పనివాళ్ల జీతం ఎందుకు ఇంకా కోయలేదని మా బామ్మర్ది కూడా అడిగాడు. వానలో కూడా షామియానా ఒరగకుండా కట్టగలిగే చేతులు అవి. వాళ్లు వేరే పనికి పోతే మళ్లీ సీజన్‌లో ఎక్కడ తెస్తాను? అదొక్కటే కాదు, వాళ్లకూ పిల్లలున్నారు.

రోజులు దొరికాయి, మరి సంపాదన? నా సామాన్లతో పెళ్లి కాక ఇంకేం జరుగుతుందని ఆలోచిస్తుంటే జవాబు దానంతటదే గోదాంకు వచ్చింది. అప్పుడే మా సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి వరి కోతలు. ఊరూరా కొనుగోలు కేంద్రాలు పెట్టారు. వడ్లలో తేమ 17 శాతానికి మించితే కాంటా పెట్టరు, అందుకని రైతులు రోజుల తరబడి ఆరబోసుకొని కాపలా ఉండాలి. సాయంత్రమైతే మబ్బు. ఒక రైతు వచ్చి "పరదాలు ఉన్నాయా" అని అడిగాడు. వానకు షామియానాల మీద వేసే టార్పాలిన్లు నా దగ్గర ఇరవై ఆరు ఉన్నాయి. పెళ్లికి సామాన్లతో పాటు పంపేవాళ్లమే గానీ వాటికి విడిగా కిరాయి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఒక్కోటి రోజుకు 25 రూపాయలకు ఇచ్చాను, వడ్ల పైసలు ఖాతాలో పడ్డాకే ఇమ్మన్నాను. నాలుగు రోజుల్లో ఇరవై ఆరూ బయటికి పోయాయి.

ఒక రాత్రి గాలిదుమారం లేచింది. కొనుగోలు కేంద్రం నుంచి ఫోన్, ఇంకో వడ్ల కుప్ప మీద ఏమీ లేదట. గోదాంలో టార్పాలిన్ ఒక్కటీ లేదు. రేకులు కారుతాయని కుర్చీల దొంతర మీద మేమే కప్పుకున్న పాత పట్టా ఒకటుంది. దాన్ని లాగి ట్రాలీ ఆటోలో వేసుకొని పోయాం. మేం చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆ పెద్దాయన లుంగీ పైకి కట్టి, ఒట్టి చేతులతో వడ్లను మధ్యకు తోస్తున్నాడు, పక్కన ఆయన కోడలు చీపురుతో అంచులు ఊడుస్తోంది. నలుగురం కలిసి పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టేసరికి వాన దంచింది. కుర్చీలు తడిస్తే తుడుచుకోవచ్చు, వడ్లు తడిస్తే మొలకలొస్తాయి. ఆ పట్టాకు నేను కిరాయి తీసుకోలేదు. ఆ తర్వాతి ఏడాది ఆయన మనవరాలి పెళ్లి, వాళ్ల వాడకట్టులో ఇంకో మూడు పెళ్లిళ్లు మాకే వచ్చాయి.

నెలా పది రోజుల్లో టార్పాలిన్ల మీద 19 వేలకు పైగా వచ్చింది. పెళ్లిళ్ల సంపాదన ముందు అదెంత? కానీ రోజుకు 840 ఖర్చయ్యే ఇంట్లో 19 వేలంటే ఇంకో ఇరవై రెండు రోజులు. ఇప్పటికీ ఏటా రెండు పంటలకూ పరదాలు కిరాయికి ఇస్తున్నాను, ఇప్పుడు నా దగ్గర డెబ్బై దాకా ఉన్నాయి.

మే నెలలో యాభై మందితో పెళ్లి చేసుకోవచ్చన్నారు. యాభై కుర్చీల ఆర్డర్ అని చిన్నచూపు చూడకుండా చేశాం. తర్వాత కేంద్ర ప్రభుత్వ హామీతో ఈసీఎల్‌జీఎస్ అనే అత్యవసర లోన్ వచ్చింది. ఫిబ్రవరి ఆఖరుకు ఉన్న అప్పులో 20 శాతం, కొత్తగా తాకట్టు అక్కర్లేదు, బ్యాంకులైతే 9.25 శాతం మించి వడ్డీ వేయకూడదు, అసలు ఏడాది దాకా కట్టక్కర్లేదన్నారు. నాకు 80 వేలు వచ్చాయి. దాంతో ఏ సామానూ కొనలేదు, కదలకుండా పెట్టాను. ఏడాది చివర్లో పెళ్లిళ్లు మళ్లీ మొదలవగానే మా దగ్గర ఒకాయన నష్టమంతా ఒక్క సీజన్‌లో పూడ్చాలని ప్రైవేటుగా మూడు రూపాయల మిత్తికి తెచ్చి కొత్త సెట్ దించాడు. 2021 మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్, ఉదయం 6 నుంచి 10 దాకానే సడలింపు. ఆయన సామాన్లు సగం ధరకు అమ్ముకున్నాడు. మంచి మనిషి, పనిమంతుడు. తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

మూడోది పేపర్లలో పెద్దగా కనిపించని సంక్షోభం. 2023-24 యాసంగికి ఎడమ కాలువ కింద వరికి నీళ్లు రాలేదు. మా దగ్గర కాలువ ఎండితే కిరాణా నుంచి బంగారం దుకాణం దాకా అన్నీ చల్లబడతాయి, అంతటా ఉద్దెరే. అప్పుడు రెండు పనులు మేలు చేశాయి. పోటీ అనుకున్న ఇద్దరు టెంట్ హౌస్ వాళ్లతో కూర్చొని, ఎవరికి పెద్ద ఆర్డర్ వచ్చినా మిగతావాళ్ల కుర్చీలు కిరాయికి తీసుకోవాలే గానీ కొత్తవి కొనకూడదని అనుకున్నాం. ఇక 2023 నవంబర్ అసెంబ్లీ ఎన్నికలు, ఆ తర్వాత మే లోక్‌సభ ఎన్నికల మీటింగులకు పైసలు ముందే తీసుకొని సామాన్లు దించాం. ఏ పార్టీ అయినా సరే, మీటింగ్ అయిపోయాక వసూలు చేయడం కష్టం.

ఇక మీ దుకాణం. మొబైల్ వ్యాపారం లోతు నాకు తెలియదు, అయినా నాకు తోచింది చెబుతాను. అద్దాల్లో పెట్టిన ఫోన్లు కొత్త మోడల్ రాగానే ధర పడిపోయే సరుకు, నా కుర్చీల్లాగా పదేళ్లు పడి ఉండదు. లాభం తగ్గినా ఆ స్టాకును పైసల్లోకి మార్చుకోండి. చేతిలో పైసా ఆడని రోజుల్లో జనం కొత్త ఫోన్ కొనరు, పగిలిన డిస్‌ప్లే మార్పించుకుంటారు, బ్యాటరీ వేయించుకుంటారు. మీకు రిపేర్ వస్తే అదే మీ టార్పాలిన్. పాత ఫోన్లు కొని అమ్మాలనుకుంటే ఒక్కోదాని ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబర్) కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోకుండా కొనకండి.

చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే చేయించుకోండి, ఒక్క రూపాయి ఫీజు లేదు, మధ్యవర్తులు అడిగితే ఇవ్వకండి. మీలాంటి రిటైల్ దుకాణాలకు దాంతో దొరికేది ప్రాధాన్యతా రంగం (బ్యాంకులు కొంత వాటా తప్పక అప్పివ్వాల్సిన రంగాలు) కింద బ్యాంకు రుణం వరకే. కొనుగోలుదారులు 45 రోజుల్లోపు పైసలు కట్టాలనే నిబంధన అండ నాలాంటి సర్వీసు పనులకు, తయారీదారులకు ఉంటుంది. ఈ తేడా చెప్పకుండా ఆశలు పెట్టేవాళ్లు ఉన్నారు.

ఈ రాత్రికి మాత్రం కిరాయి, కిస్తీ, జీతం, ఇంటి ఖర్చు ఒక కాగితం మీద రాసి ముప్పైతో భాగించి చూడండి. ఆ అంకె ఇక్కడ రాస్తే ఏది తగ్గించవచ్చో, ఎవరితో ముందు మాట్లాడాలో కలిసి చూద్దాం. షట్టర్ ఓనర్‌కు మాత్రం ఒకటో తారీఖు దాకా ఆగకుండా రేపే ఫోన్ చేయండి.