ఆయన రానంటే మీరొక్కరే వెళ్లండి

మీవారు తాగుడు మానరు, చికిత్సకు రమ్మంటే రారు, అలాంటప్పుడు కుటుంబ సభ్యుల సహాయక బృందానికి మీరొక్కరే వెళ్లి ఏం లాభమని అడిగారు. మా తమ్ముడి తాగుడు కారణంగా నేను అలాంటి బృందానికి చాలాకాలంగా వెళుతున్నాను. అది పెట్టిందే ఇంట్లోవాళ్ల కోసం. తాగుడు మానాలనుకునేవారి బృందమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ స్థాపకుల్లో ఒకరైన బిల్ విల్సన్ భార్య లోయిస్, మరొకావిడతో కలిసి 1951లో అల్-అనాన్ అనే ఈ కుటుంబ సభ్యుల బృందాన్ని మొదలుపెట్టారు. భర్త తాగుడు మానేసి సమావేశాల చుట్టూ తిరుగుతున్న రోజుల్లో ఆవిడ ఒళ్లు మండి బూటు విసిరారట! మానేస్తే అన్నీ చక్కబడతాయనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

అక్కడ సలహాలివ్వరు. ఒకరు చెబుతుంటే మరొకరు మధ్యలో అందుకోరు. ఉపాయం కోసం వెళ్లిన నాకు మొదట చిరాకు వేసింది. ఒకావిడ, గేటు తీసిన చప్పుడును బట్టి ఆయన ఎంత తాగొచ్చారో చెప్పేస్తానంది. అందరూ నవ్వారు. కనిపించిన ప్రతి నీళ్ల సీసా మూత తీసి వాసన చూసే నేనూ నవ్వాను. ఇంటి గుట్టు బయటపడుతుందన్న భయం ఆ నవ్వుతో సగం పోయింది.

ఈ వ్యసనానికి కారణం మనం కాదు, దాన్ని అదుపు చేయలేం, నయం చేయలేం అంటారు అక్కడ. మొదటి మాట వెంటనే ఊరటనిచ్చింది, రెండోది మింగుడుపడటానికి సమయం పట్టింది. తమ్ముడి ఆఫీసుకు ఫోను చేసి జ్వరమని చెప్పడం, వాడి అప్పులు తీర్చడం మానేశాను. అమ్మ నన్ను రాతిగుండె అంది. వాడిపై ప్రేమ మాత్రం మానలేదు.

ఆయన్ని చికిత్సకు ఒప్పించడమే మీ లక్ష్యమైతే, క్రాఫ్ట్ (CRAFT) అనే పద్ధతి నేర్పే కౌన్సెలర్ కోసం వెతకండి. తాగని వేళల్లో దగ్గర కావడం, తాగినప్పుడు పక్కకు తప్పుకోవడం, చికిత్స మాట ఎప్పుడెలా ఎత్తాలో అందులో నేర్పుతారు. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ శిక్షణ పొందిన కుటుంబాల్లో 64 శాతం తమవారిని చికిత్సకు ఒప్పించగలిగాయి. అల్-అనాన్ దారిలో వెళ్లినవారిలో అది 13 శాతమే. నేను రెండూ అవసరమే అంటాను. బృందంలో వచ్చే దేవుడి ప్రస్తావన మీకు పడకపోతే ఆ మాటలు వదిలేసి మిగతావి వినండి.

ఆయన చేయి చేసుకుంటుంటే మాత్రం ముందు మీరూ పిల్లలూ సురక్షితమైన చోటికి చేరాలి, బృందం తర్వాత. ఇంకొకటి, ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మూర్ఛ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. రేపటి నుంచి మానేస్తానని ఆయనే అంటే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.