మిగిలిపోయిన హాలోవీన్ చాక్లెట్లు, తిరిగి ఇవ్వాల్సిన ఖాళీ డబ్బా

నవంబరు మొదటి వారంలో ఏటా నాకొక ఫోను వస్తుంది. చేసేవారు మారతారు గానీ ప్రశ్న మారదు. పోయిన ఏడు చేసిన అమ్మాయి మిషిగన్‌కు వచ్చి అప్పటికి మూడు నెలలు. "పిన్నిగారూ, మా పిల్లలు హాలోవీన్ రాత్రి వీధంతా తిరిగి బక్కెట్ నిండా చాక్లెట్లు పట్టుకొచ్చారు. అన్నీ తిననిస్తే పళ్ళు పుచ్చిపోతాయి, పారేద్దామంటే చేయి రావడం లేదు" అంది. ఆ వెంటనే అసలు బాధ బయటపెట్టింది. వీళ్ళు ఇంట్లో దిగిన వారంలోనే ఎదురింటి అమెరికన్ పెద్దావిడ ఒక రేకు డబ్బా నిండా బిస్కెట్లు చేసి తెచ్చిందట. ఆ డబ్బా ఇంకా వీళ్ళింట్లోనే ఉంది. ఖాళీగా తిరిగి ఇవ్వడానికి మనసొప్పక, అందులో ఏం పెట్టి ఇవ్వాలో తోచక, ఆవిడ కనిపించినప్పుడల్లా తల వంచుకుని కారెక్కేస్తోంది.

రెండింటికీ ఒకటే జవాబు చెప్పాను. ఫడ్జ్ అనే చాక్లెట్ మిఠాయి చేయమన్నాను.

సున్నుండలు ఇవ్వకూడదా అని మీరు అడగవచ్చు. తప్పకుండా ఇవ్వండి, కానీ రెండోసారి ఇవ్వండి. మొదటిసారి తనకు తెలిసిన తీపి అయితే ఆవిడ సంకోచం లేకుండా నోట్లో వేసుకుంటుంది. పైగా ఫడ్జ్‌కు ఓవెన్ వెలిగించే పని లేదు. పోపు పెట్టిన ప్రతిసారీ గోల చేసే మన స్మోక్ అలారం దీని జోలికి రాదు. పొయ్యి దగ్గర పది నిమిషాల పని, తరవాత ఫ్రిజ్ చూసుకుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు తడబడేది వంటలో కాదు, దుకాణంలో. అందుకే ఇక్కడ గరిటె తిప్పడం గురించి తక్కువగా, డబ్బాల మీది అక్షరాల గురించి ఎక్కువగా చెబుతాను.

ఫడ్జ్ అంటే పాలకోవాకూ మైసూర్‌పాకుకూ నడుమ ఎక్కడో నిలిచే మెత్తని చాక్లెట్ బిళ్ళ. దీని పాత పద్ధతి మనవాళ్ళకు చెప్పకుండానే అర్థమవుతుంది, ఎందుకంటే అదంతా పాకం వ్యవహారం. చక్కెర, పాలు, చాక్లెట్ కలిపి ఉండపాకం వచ్చేదాకా కాస్తారు. ఇక్కడివాళ్ళు థర్మామీటరు ముంచి 234 నుంచి 240 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఆపుతారు. మా అమ్మమ్మ అరిసెల పాకాన్ని చల్లటి నీళ్ళలో చుక్క వేసి, వేళ్ళతో ఉండ కట్టి చూసేది. పరీక్ష ఒకటే, పరికరం వేరు. దించిన తరవాత వెన్న వేసి, కదపకుండా గోరువెచ్చన అయ్యేదాకా ఓపిక పట్టాలి. వేడి మీద ఉండగానే కలియబెడితే చక్కెర పలుకులు కట్టి నోట్లో ఇసుకలా తగులుతుంది. 1888లో వాసర్ అనే ఆడపిల్లల కళాశాలలో ఎమెలిన్ హార్ట్‌రిడ్జ్ అనే విద్యార్థిని సీనియర్ల వేలం కోసం 30 పౌన్లు, అంటే పదమూడు కిలోలకు పైగా ఫడ్జ్ చేసింది. ఆ సంగతి ఆమే తన ఉత్తరంలో రాసుకుంది. అక్కడి నుంచి మిగతా ఆడపిల్లల కళాశాలలకూ ఇది పాకింది.

మిషిగన్‌లో ఉన్నవాళ్ళు మాకినా దీవికి ఎలాగూ వెళతారు. ఇంగ్లీషులో పేరు చివర 'సి' ఉంటుంది గానీ దాన్ని పలకరు, పలికితే కొత్తవాళ్ళని తెలిసిపోతుంది. కార్లు నడవని ఆ దీవిలో గుర్రపు బళ్ళు, సైకిళ్ళే గతి. అక్కడి దుకాణాల్లో పాలరాతి బల్లల మీద వేడి పాకం పోసి, పొడవాటి అట్లకాడలతో మడిచి మడిచి ఫడ్జ్ దిమ్మలు చేస్తుంటారు. వాటి కోసం ఎగబడే యాత్రికులకు స్థానికులు పెట్టిన ముద్దుపేరు 'ఫడ్జీలు'. ఆత్రేయపురంలో కుండ మీద పూతరేకు తీస్తుంటే ఎంతసేపు నిలబడి చూశానో, ఇక్కడా అంతసేపే నిలబడ్డాను. చూశాక, ఇది ఇంట్లో మన వల్ల అయ్యే పని కాదని కూడా అర్థమైంది.

ఇంట్లో చేసుకునే దగ్గరి దారికి ఆధారం కండెన్స్డ్ మిల్క్. మనం మిల్క్‌మెయిడ్ అని పిలుచుకునే సరుకే. పాలలో నీరు ఇగిర్చి, చక్కెర కలిపి చిక్కబరిచి డబ్బాకెక్కించారు కాబట్టి పాకం పని సగం అక్కడే అయిపోయింది. చాక్లెట్ కరిగి అందులో కలిస్తే, చల్లారాక చాక్లెట్‌లోని కొవ్వే మొత్తాన్ని గట్టిపరుస్తుంది. పాకం పరీక్షలు లేవు, పలుకులు కట్టడం లేదు.

అయితే దుకాణంలో ఆ డబ్బా పక్కనే అదే ఆకారంలో ఎవాపరేటెడ్ మిల్క్ అని ఇంకొకటి ఉంటుంది. దాంట్లోనూ పాలను ఇగిర్చారు గానీ చక్కెర వేయలేదు. మొదటి ఏడాది నేను దాన్నే తెచ్చాను. సాయంత్రం పోసిన ఫడ్జ్ మర్నాటి పొద్దుటికి కూడా పళ్ళెం వంచితే పారింది. ఇంకా చల్లబడాలేమోనని ఫ్రీజర్‌లో పెట్టాను. గడ్డకట్టిన చాక్లెట్ పాలు తయారయ్యాయి. మా వారు వారం రోజులు వాటిని వేడి చేసుకుని తాగారు. డబ్బా మీద 'స్వీటెన్డ్' అన్న మాట ఉందో లేదో చూసుకోండి. బరువు 14 ఔన్సులు, అంటే 396 గ్రాములు ఉంటుంది. చక్కెర లేనిది సాధారణంగా 12 ఔన్సులు. కళ్ళజోడు మరిచిపోయి వెళ్ళినా అంకె చూసి గుర్తుపట్టవచ్చు.

ఒక డబ్బాకు 18 ఔన్సుల సెమీ స్వీట్, అంటే తీపి తక్కువ ఉన్న చాక్లెట్ చిప్స్ కావాలి. ఇక్కడి కప్పుతో మూడు కప్పులు, మన లెక్కలో అర కిలో పైచిలుకు. చిప్స్ సంచి మామూలుగా 12 ఔన్సులది వస్తుంది కాబట్టి ఒకటిన్నర సంచి పడుతుంది. కొన్ని రకాలు 10, 11.5 ఔన్సుల్లోనూ ఉంటాయి, సంచులు లెక్కపెట్టి ఊరుకోకుండా బరువు చదవండి. కప్పు అంటే మన టీ కప్పు కాదు, దాదాపు 240 మిల్లీలీటర్ల కొలత కప్పు. ఒక చిటికెడు ఉప్పు, ఒక చెంచా వెనీలా, ఇష్టమైతే రెండు పెద్ద చెంచాల వెన్న. వెన్న ఇక్కడ కడ్డీల్లా వస్తుంది, ఒక్కో కడ్డీ 113 గ్రాములు, దాని కాగితం మీదే చెంచాల గీతలు ఉంటాయి. ఉప్పు కలిపిన వెన్న తెచ్చి ఉంటే వేరే ఉప్పు మానేయండి. వెనీలా ఎక్స్‌ట్రాక్ట్‌లో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉంటుంది. పడే బొట్టు కొంచెమే అయినా దేవుడి దగ్గర పెట్టాలనుకునేవాళ్ళు దాన్ని మానేసి యాలకుల పొడి వేసుకోవచ్చు. నా నాలుకకు మాత్రం చాక్లెట్, యాలకులు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి.

మిల్క్ చాక్లెట్ చిప్స్ వద్దు. పాల డబ్బాలోనే బోలెడంత చక్కెర ఉంది, దాని మీద తియ్యటి చాక్లెట్ పడితే ఒక ముక్కతో మొహం మొత్తుతుంది. పైగా అంత గట్టిగానూ కట్టదు. నేను సగం సెమీ స్వీట్, సగం 60 శాతం కోకో ఉన్న చిప్స్ వేస్తాను.

ముందుగా ఎనిమిది అంగుళాల చదరపు పళ్ళెంలో అంటుకోని పార్చ్‌మెంట్ కాగితం అంచులు పైకి వచ్చేలా పరచండి, చివరికి ఆ అంచులు పట్టుకునే దిమ్మను పైకి లేపాలి. ఆ తరవాత మందపాటి గిన్నెలో చిప్స్, పాలు, ఉప్పు, వెన్న వేసి అతి సన్నని సెగ మీద కలుపుతూ ఉండండి. అపార్ట్‌మెంట్లలో కరెంటు కాయిల్ పొయ్యిలు ఎక్కువ, మీట కట్టేసినా వాటి వేడి దిగదు. అందుకని చిప్స్ ముప్పాతిక వంతు కరగగానే గిన్నెను పక్కకు జరపండి, మిగతావి ఆ వేడికే కరుగుతాయి. మైక్రోవేవ్ అయితే గాజు గిన్నెలో ముప్పై సెకన్లకు ఒకసారి తీసి కలపాలి. అందులో చిప్స్ లోపల కరిగిపోయినా పైకి ఆకారం చెడకుండా కూర్చుంటాయి, గరిటె పెడితే తప్ప తెలియదు. ఇంకా కరగలేదనుకుని మళ్ళీ మళ్ళీ వేడి చేసి మాడబెట్టుకునేది ఇక్కడే. వేడి మితిమీరితే నూనె పైకి తేలుతుంది. కంగారుపడకుండా ఒకటి రెండు చెంచాల గోరువెచ్చటి పాలు పోసి గట్టిగా కలిపితే చాలావరకు సర్దుకుంటుంది. దించాక వెనీలా వేయండి.

ఇక పిల్లల బక్కెట్ సంగతి. కాగితం చిరిగినవి ముందే తీసి పారేయండి. మిగిలినవాటిని ఒకే గాటన కట్టి అన్నీ పోసేయకండి. వేరుశనగ వెన్న నింపిన రీసెస్ కప్పులు ఫడ్జ్‌కు పుట్టు చుట్టాలు, వాటిని నాలుగు ముక్కలుగా కోసి అరగంట ఫ్రీజర్‌లో ఉంచి కలిపితే కరిగిపోకుండా ముక్కలుగా నిలుస్తాయి. ఎం అండ్ ఎమ్స్ లాంటి రంగు బిళ్ళలను వేడి ముద్దలో కలిపితే రంగు వదిలి హోలీ ఆడినట్టవుతుంది. పళ్ళెంలో పోశాక పైన చల్లి, అరచేత్తో మెల్లగా అదమండి. కిట్‌క్యాట్ మొదటి రోజు కరకరలాడుతుంది, నాలుగో రోజుకు లోపలి వేఫర్ మెత్తబడుతుంది, కాబట్టి అవి వేసిన ఫడ్జ్ ముందు తినేయాలి. లాలీపాప్ లాంటి గట్టి చక్కెర బిళ్ళలు తేమ పీల్చుకుని రెండు రోజుల్లో జిగురు కారతాయి. క్రిస్మస్‌కు వచ్చే చేతికర్ర ఆకారపు పిప్పరమెంటు కూడా అంతే, దంచి వడ్డించే ముందు చల్లితే బాగుంటుంది. గమ్మీలు అనే సాగే బిళ్ళలు ఫ్రిజ్‌లో రాళ్ళవుతాయి. వాటిని పిల్లలకే వదిలేయండి. మొత్తం మీద ఒక కప్పు ముక్కలు చాలు, అంతకు మించితే కోసేటప్పుడు ఫడ్జ్ విరిగిపోతుంది.

బక్కెట్‌లో నచ్చినవి లేకపోతే ఇండియన్ స్టోరుకు వెళ్ళండి. ఆంధ్రలో వేరుశనగ అచ్చు అన్నా, తెలంగాణలో పల్లీపట్టి అన్నా, ప్యాకెట్ మీద చిక్కీ అని ఉన్నా సరుకు ఒకటే. దాన్ని రోట్లో కచ్చాపచ్చాగా దంచి వేస్తే బెల్లం ఘాటు చాక్లెట్ తీపిని విరిచి అద్భుతంగా ఉంటుంది. మా ఇంట్లో పెద్దవాళ్ళ పళ్ళెం వేరు, పిల్లల పళ్ళెం వేరు అయింది దీనివల్లే.

శాకాహారులు ఇంకాస్త జాగ్రత్తగా చదవాలి. గమ్మీల్లో, దూదిలా మెత్తగా ఉండే మార్ష్‌మెలోల్లో, స్టార్‌బర్స్ట్ అనే నమిలే మిఠాయిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. స్నికర్స్ చాక్లెట్ లోపలి నూగట్ అనే మెత్తటి పొరలో గుడ్డు తెల్లసొన ఉంటుంది. ఫడ్జ్ చేసే ఇంకో విధానంలో మార్ష్‌మెలో క్రీమ్ వేస్తారు, దాంట్లోనూ తెల్లసొన ఉంటుంది. అందుకే ఎవరైనా తెచ్చి పెడితే దేంతో చేశారని అడిగి తినండి, ఇక్కడ ఎవరూ నొచ్చుకోరు.

అలాగే మీరిచ్చేటప్పుడు వాళ్ళు అడగకముందే చెప్పండి. ఇక్కడి చట్టం ప్యాకెట్ల మీద తప్పక చెప్పమన్న అలర్జీ పదార్థాలు తొమ్మిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల జాతి, జీడిపప్పు బాదం లాంటి గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, నువ్వులు. నువ్వులు 2023 జనవరి 1 నుంచి చేరాయి, చిమ్మిలి పంచేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. ఆఫీసులో ఫడ్జ్ పెడితే పక్కన చిన్న చీటీ మీద ఏమేం వేశారో రాయండి. అనుమానించినట్టు ఉంటుందేమోనని మొదట్లో నాకు మొహమాటంగా ఉండేది. వేరుశనగ పొడి తగిలితే ఊపిరాడని పిల్లవాడిని ఒకసారి దగ్గరగా చూశాక ఆ మొహమాటం పోయింది. బడికి మాత్రం టీచరును అడగకుండా పంపకండి, చాలా తరగతుల్లో ఇంట్లో చేసినవి తీసుకోరు, లేబుల్ ఉన్న దుకాణం సరుకే కావాలంటారు.

కలిపిన ముద్దను పళ్ళెంలో పోసి, రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాక దిమ్మను పైకి లేపి, కత్తిని వేడి నీళ్ళలో ముంచి పొడిగా తుడుచుకుంటూ ఆరు నిలువు వరసలు, ఆరు అడ్డ వరసలు వచ్చేలా కోయండి. ముప్పై ఆరు ముక్కలు వస్తాయి. గాలి తగలని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు నిక్షేపంగా ఉంటాయి. ఇండియాకు తీసుకెళ్ళాలని మాత్రం అనుకోకండి, మే నెలలో విమానం దిగి ఇల్లు చేరేసరికి పెట్టెలోని చీరలకు ఫడ్జ్ పూస్తుంది.

ఆ అమ్మాయి వేరుశనగ లేకుండా చేసి, ఎదురింటి డబ్బా నింపి, చీటీ పెట్టి ఇచ్చి వచ్చింది. పది రోజులకు డబ్బా మళ్ళీ వీళ్ళింటికే వచ్చిందట, ఈసారి గుమ్మడికాయ రొట్టెతో. "ఇప్పుడు మళ్ళీ ఏం పెట్టి ఇవ్వాలి పిన్నిగారూ?" అని ఫోను. సున్నుండలు చేయమన్నాను. ఇంకో సంగతి కూడా ఒప్పుకుంది: నేను అన్నిసార్లు చెప్పినా, దుకాణంలో తికమకపడి రెండు రకాల పాల డబ్బాలూ కొనేసిందట. మీ ఇంట్లోనూ చక్కెర లేని డబ్బా అలా మిగిలిపోతే పారేయకండి. సేమ్యా పాయసంలో పోయండి, పాలు మరిగించే పని తప్పుతుంది. చక్కెర మాత్రం మీరే వేసుకోవాలి.